చైనా గ్రాస్, బొప్పాయి పాలు, సబ్జా గింజలు: కాలేయంలో చీముగడ్డ నమూనా తయారీ డైరీ

గుంటూరులో ఒక జూనియర్ కళాశాలలో జువాలజీ చెబుతాను. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవ ప్రదర్శన కోసం బైపీసీ రెండో సంవత్సరం అమ్మాయిలిద్దరితో కలిసి చేసిన నమూనా ఇది. బాక్టీరియా చేరిన కాలేయంలో వాపు ఎలా మొదలవుతుందో, కణజాలం ఎలా కరిగిపోతుందో చూపాలి. మొదటి రోజే ఒక షరతు పెట్టుకున్నాం: ఎర్ర బల్బు వెలిగించి పక్కన ‘ఇన్‌ఫ్లమేషన్’ అని చీటీ అంటించడం కుదరదు. జరిగేది కళ్ల ముందు నిజంగా జరగాలి, స్కేలు పెట్టి కొలిచేలా ఉండాలి. ఇంత ఆలస్యం కావడానికి కారణం ఆ షరతే. ఎవరైనా మళ్లీ చేయదలిస్తే మా తప్పులు కూడా పనికివస్తాయని అంకెలతో సహా రాస్తున్నాను.

దశ 1: కొలత తేల్చడం (జనవరి 11, 12)

ఇ. కోలై అనే బాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. దాన్ని గసగసాల గింజగా అనుకుంటే, గింజ సుమారు 1 మిల్లీమీటరు కాబట్టి మన నమూనా 500 రెట్లు పెద్దది. ఇక మిగతావన్నీ ఆ లెక్కకే లొంగాలి.

1. కాలేయ కణాల వరసల మధ్య రక్తం పారే సన్నని దారి, అంటే సైనుసాయిడ్, సుమారు 10 మైక్రోమీటర్లు. నమూనాలో 5 మి.మీ. శీతల పానీయాల స్ట్రా సరిపోతుంది.
2. న్యూట్రోఫిల్, అంటే బాక్టీరియాతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణం, కూడా దాదాపు 10 మైక్రోమీటర్లే. నమూనాలో 5 మి.మీ. నానిన సబ్జా గింజ, చుట్టూ ఉన్న జిగురుతో కలిపి అంతే ఉంటుంది.
3. కాలేయ లంబిక, అంటే కాలేయంలోని ఒక చిన్న విభాగం, అడ్డుకొలత ఒక మిల్లీమీటరు అనుకున్నా నమూనాలో అర మీటరు. అది బల్ల మీద పట్టదు. అందుకే ఆరో వంతు ముక్కనే చేశాం. ఒక చివర రక్తం వచ్చే మూల, మరో చివర మధ్య సిర, మధ్యలో 25 సెం.మీ. దూరం.

సైనుసాయిడ్ గోడకు ఉండే రంధ్రాలు ఈ లెక్కలోనే మమ్మల్ని ఆపేశాయి. అవి సుమారు 100 నానోమీటర్లు. 500 రెట్లు చేసినా 0.05 మి.మీ., అంటే తలవెంట్రుక మందం కన్నా మించదు. గసగసాల గింజ అందులో దూరదు. బాక్టీరియా గోడపొరలో ఉండే విషపదార్థం, లైపోపాలీశాకరైడ్, మాత్రం దూరుతుంది. అమ్మాయిలు ‘దొంగ బయటే ఉన్నాడు, వాసన లోపలికి వచ్చింది’ అని నోటుపుస్తకంలో రాసుకున్నారు. నేను కొట్టివేయలేదు.

దశ 2: రక్తపు దారులు (జనవరి 18 నుంచి 25)

పెద్దవారి కాలేయానికి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వస్తుంది. అందులో ముప్పాతిక వంతు పేగుల నుంచి వచ్చే కాలేయ నిర్వాహక సిర ద్వారా, పావు వంతు కాలేయ ధమని ద్వారా. మేము నిమిషానికి 200 మి.లీ. అనుకున్నాం: సిరకు 150, ధమనికి 50.

రెండింటికీ సెలైన్ సెట్లే వాడాం. బకెట్టు మీటరు ఎత్తున పెట్టి, క్లిప్పు పూర్తిగా వదిలి, కొలజాడీలో పట్టి చూస్తే ఒక్కో గొట్టానికి నిమిషానికి 62 మి.లీ. మాత్రమే వచ్చాయి. చుక్కలుగా ఎక్కించడానికి చేసిన గొట్టం చుక్కలే ఇస్తుంది కదా. బకెట్టును అటక మీదికి ఎక్కిస్తే చేపలతొట్టి పంపు అంత ఎత్తుకు నీళ్లు తోడలేకపోయింది. చివరికి సిరకు చేపలతొట్టికి వాడే 6 మి.మీ. గొట్టం, ధమనికి సెలైన్ సెట్టు. క్లిప్పు తిప్పుతూ ఐదుసార్లు కొలిచాం: సిర 148, 151, 150, 150, 152, ధమని 49, 50, 52, 50, 50.

పేగుల నుంచి నేరుగా వచ్చే రక్తం కాబట్టి కాలేయం వాకిట్లో కాపలా తప్పదు. బాక్టీరియాను మింగేస్తూ స్థిరంగా ఒకచోట ఉండే స్థూలభక్షక కణాల్లో శరీరం మొత్తం మీద 80 శాతానికి పైగా కాలేయంలోనే ఉంటాయి. వాటిని 1876లో వర్ణించినవాడు కార్ల్ విల్‌హెల్మ్ వాన్ కుఫర్, అందుకే అవి కుఫర్ కణాలు. ఆ కాపలావాళ్ల స్థానంలో స్ట్రా దారుల్లో గిన్నెలు తోమే నైలాను పీచు చిన్న చిన్న ముక్కలు పెట్టాం.

ఖర్చు: పంపు 350, గొట్టం 60, సెలైన్ సెట్లు రెండు 70, అక్రిలిక్ ట్రే 420.
ఇప్పటివరకు: రూ. 900, 7 గంటలు.

దశ 3: కణజాలం (ఫిబ్రవరి 1 నుంచి 9)

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించిన దశ ఇది.

న్యూట్రోఫిల్ తనలోని సంచుల నుంచి ఎలాస్టేజ్ వంటి ప్రొటీన్లను కోసే ఎంజైములు వదులుతుంది. అవి బాక్టీరియాను చంపడంలో పాలుపంచుకుంటాయి, పక్కనున్న కణజాలాన్నీ కొరుకుతాయి. దానికి బదులు పచ్చి బొప్పాయి పాలలో ఉండే పపైన్. మటన్ మెత్తగా ఉడకాలని పచ్చి బొప్పాయి వేసే ఇళ్లలో దీని సంగతి కొత్త కాదు.

*మొదటి పోత.* చైనా గ్రాస్, లీటరు నీటికి 10 గ్రాములు. గుంటూరు ఎండకు కరగదన్నదే దాన్ని ఎంచుకోవడానికి ఏకైక కారణం. స్ట్రాలు పెట్టి పోశాం, గడ్డకట్టింది. స్ట్రాలు లాగితే గోడలు చిరిగాయి. రెండోసారి స్ట్రాలకు వేరుశనగ నూనె పలుచగా రాసి, ట్రేను నీళ్లలో ముంచి, తిప్పుతూ లాగితే ఐదు దారులూ చక్కగా వచ్చాయి. 12 మి.మీ. గుంట చేసి అందులో 2 మి.లీ. బొప్పాయి రసం పోశాం. (100 గ్రాముల పచ్చి బొప్పాయి తురిమి, 50 మి.లీ. నీళ్లు కలిపి, గుడ్డలో పిండిన రసం. చేతికి తొడుగులు తప్పనిసరి. ఒక అమ్మాయి వినలేదు, సాయంత్రానికి వేళ్ల సందులు మండాయి.)

ఆరు గంటల తరువాత గుంట 12 మి.మీ. రాత్రంతా ఉంచాం. తెల్లవారాక చూసినా 12 మి.మీ.

కాయ ముదిరిందా, రసం పలుచనైందా అని ఒక సాయంత్రమంతా వాదించుకున్నాక నాకు సిగ్గేసింది. చైనా గ్రాస్ పిండిపదార్థాల జాతిది. పపైన్ ప్రొటీనును కోస్తుంది. అక్కడ కోయడానికి ప్రొటీనే లేదు. పదిహేనేళ్లుగా ఎంజైముల పాఠంలో తాళం, తాళంచెవి బొమ్మ గీస్తున్న మనిషిని!

*రెండో పోత.* జెలటిన్, 10 శాతం. పూర్తిగా ప్రొటీను. మధ్యాహ్నం గది 31 డిగ్రీలు. 40 నిమిషాల్లో గుంట 12 నుంచి 27 మి.మీ. అయింది. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు, నేను ఫొటో తీశాను. ట్రే కడగడానికి వచ్చిన ల్యాబ్ అటెండరు అన్నాడు: “మేడమ్, ఆ పక్క గుంటలో నీళ్లే కదా పోశారు. అదీ పెరిగిందే?”

డ్రాపరు కడిగిన నీళ్లు అందులో వంచాం, అంతే. కొలిస్తే 21 మి.మీ. అంటే బొప్పాయి గుంట పెరిగిన 15 మి.మీ.లో 9 ఎండ పని. మా వాటా 6. ఫొటో తొలగించాను. ఆ రోజు నుంచి నీళ్ల గుంట లేకుండా ఏ కొలతా నోటుపుస్తకానికి ఎక్కలేదు.

*మూడో పోత.* ట్రే కింద మందుల పెట్టెల్లో వాడే ఐసు ప్యాకు. జెలటిన్‌లో థర్మామీటరు గుచ్చితే 22 డిగ్రీలు. ఇంకా చల్లబడితే ఎంజైము బద్ధకిస్తుంది, 28 దాటితే జెలటిన్ జారుతుంది. గంట తరువాత:

1. నీళ్లు: 12 నుంచి 12 మి.మీ.
2. బొప్పాయి రసం: 12 నుంచి 19 మి.మీ.
3. బొప్పాయి రసం, అంతే నీళ్లు కలిపి: 12 నుంచి 17 మి.మీ.
4. బొప్పాయి రసం, అంతే కోడిగుడ్డు తెల్లసొన కలిపి: 12 నుంచి 14 మి.మీ.

మూడోది లేకపోతే నాలుగోదానికి విలువ లేదు, ఎందుకంటే ఏది కలిపినా రసం పలుచబడుతుంది. తెల్లసొనలో సిస్టాటిన్ అనే ప్రొటీను ఉంటుంది. అది పపైన్‌ను పట్టి ఆపుతుంది. మన రక్తంలో ఎలాస్టేజ్‌కు కళ్లెం వేసేది ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. దాన్ని తయారుచేసేది కూడా కాలేయమే. కణజాలం కరుగుతోందంటే శత్రువు బలపడ్డాడనే కాదు, కళ్లెం తెగిందని కూడా అర్థం చేసుకోవాలి. అది ఎలా తెగుతుందో దశ 5లో వస్తుంది.

ఖర్చు: చైనా గ్రాస్ మూడు ప్యాకెట్లు 150, జెలటిన్ రెండు 260, బొప్పాయిలు 60.
ఇప్పటివరకు: రూ. 1,370, 18 గంటలు.

దశ 4: గసగసాలు, సబ్జా (ఫిబ్రవరి 12 నుంచి 15)

జెలటిన్‌లో నీళ్లు పారించడం ఇక కుదరదు. ట్రే అంతా చైనా గ్రాస్ పోసి, మధ్యలో చిన్న గిన్నె అంత చోటు మాత్రమే జెలటిన్ కిటికీగా ఉంచాం.

గసగసాలు 50 గ్రాములు 90 రూపాయలు. ఇంట్లో కూరకు వేయడానికి వెనుకాడే సరుకును బాక్టీరియాగా వాడుతున్నామని మా అత్తయ్యకు చెప్పలేదు. పొడి గింజలు బకెట్టులో తేలిపోయి ఒక్కటీ దారిలోకి రాలేదు. రాత్రంతా నానబెడితే మునిగాయి. 100 గింజలు లెక్కపెట్టి సిర గొట్టంలో వదిలాం. పీచు ముక్కల దగ్గర 71 ఆగాయి, మిగతావి మధ్య సిర వైపు నుంచి బయటికి వచ్చాయి. పీచు కొంచెం గట్టిగా కూరితే 88. ఇంకా కూరితే నీళ్లే ఆగిపోయాయి, అక్కడ ఆపాం.

ఇక సబ్జా. పొడివి వదిలితే ఉబ్బేలోపే కొట్టుకుపోయాయి. పూర్తిగా నానినవి సిరంజి మూతిలోనే ఇరుక్కున్నాయి. రెండు నిమిషాలు నానబెట్టి, వాలు గొట్టంలోంచి చెంచాతో జార్చితే దారి మధ్యలోకి వెళ్లాక ఉబ్బాయి. ఒక్కో దారిలో నిమిషానికి 40 మి.లీ. పారుతుండేది. మూడో దారిలో 30 గింజలు వేశాం.

1. 5 నిమిషాలకు: 31 మి.లీ.
2. 10 నిమిషాలకు: 17 మి.లీ.
3. 15 నిమిషాలకు: 9 మి.లీ. మిగిలిన నాలుగు దారుల్లో తలా 47.

ఇది మేము చేసిన వాటిలో అసలుకు బాగా దగ్గరైన భాగం. ఉత్తేజితమైన న్యూట్రోఫిల్ బిరుసెక్కి సైనుసాయిడ్‌లో ఇరుక్కుంటుంది. దానికి తోడు అక్కడే సూక్ష్మమైన రక్తపు గడ్డలు. రక్తం పక్క దారులు వెతుక్కుంటుంది, మూసుకుపోయిన దారి వెంట ఉన్న కాలేయ కణాలకు ప్రాణవాయువు అందదు. ఏ విషమూ తగలకుండా, ఏ ఎంజైమూ కొరకకుండా చచ్చిపోయే కణాలు ఇవి.

కబురు అందడం ఎలా చూపాలన్నది వేరే తలనొప్పి. కుఫర్ కణం లైపోపాలీశాకరైడ్‌ను టీఎల్ఆర్4 అనే గ్రాహకంతో గుర్తుపడుతుంది. ఆ గ్రాహకం పని ఇదేనని బ్రూస్ బ్యూట్లర్ బృందం 1998లో తేల్చింది, 2011లో ఆయనకు నోబెల్ వచ్చింది. గుర్తుపట్టిన కణం టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు వదులుతుంది. ‘మిర్చి యార్డులో ఒకరు తుమ్మితే అందరూ తుమ్మినట్లు’ కారం వాడదామని ఒక అమ్మాయి అంది. ఊరికి తగిన ఊహే కానీ, కారం నేరుగా నరాన్ని తాకుతుంది, కణం నుంచి కణానికి కబురు పంపదు. వద్దన్నాను.

చైనా గ్రాస్‌లో మిఠాయి రంగు చుక్క వేసి విస్తరణ కొలిచాం: గంటకు 4 మి.మీ., 4 గంటలకు 8, 9 గంటలకు 11. రెట్టింపు దూరానికి నాలుగింతల సమయం. అంటే 500 రెట్ల నమూనాలో విస్తరణ రెండున్నర లక్షల రెట్లు నెమ్మది. శరీరంలో ఒక సెకను మా ట్రేలో దాదాపు 69 గంటలు. ప్రదర్శనలో ఇది నడపలేం. అంకెను మాత్రం అట్ట మీద రాసి పెట్టాం. వచ్చినవాళ్లు ఎక్కువసేపు ఆగి చదివింది ఆ అట్టనే.

ఖర్చు: గసగసాలు 90, సబ్జా 40, పీచు 20.
ఇప్పటివరకు: రూ. 1,520, 24 గంటలు.

దశ 5: మేక కాలేయం, పెరాక్సైడ్ (ఫిబ్రవరి 17)

న్యూట్రోఫిల్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కూడా తయారుచేస్తుంది. కాలేయ కణానికి దాన్ని విడగొట్టే కేటలేజ్ పుష్కలంగా ఉంది. 100 మి.లీ. కొలజాడీలో కాలేయం ముక్క 5 గ్రాములు, 3 శాతం పెరాక్సైడ్ 10 మి.లీ. పోయగానే నురుగు బల్ల మీదుగా హాజరుపట్టీ వరకు పారింది. తరువాత లెక్కవేస్తే ఆ కాస్త ద్రవం నుంచే సుమారు 100 మి.లీ. ఆక్సిజన్ రావాలి. ముందే వేయవలసిన లెక్క. ముక్కను 1 గ్రాముకు, ద్రవాన్ని 5 మి.లీ.కు తగ్గిస్తే నురుగు 58 మి.లీ. దగ్గర నిలిచింది. ఉడికించిన ముక్కకు 3 మి.లీ.

కవచం ఉంది సరే, మరి నష్టం ఎందుకు? న్యూట్రోఫిల్‌లో మైలోపెరాక్సిడేజ్ అనే ఆకుపచ్చ ఎంజైము ఉంది. చీముకు ఒక్కోసారి కనిపించే పచ్చదనం దానిదే. అది పెరాక్సైడ్‌ను, క్లోరైడ్‌ను కలిపి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది. కేటలేజ్ దీన్ని ఆపలేదు. పైగా ఈ ఆమ్లం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్‌లోని 358వ స్థానంలో ఉన్న మెథియోనైన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆక్సీకరిస్తే ఆ ప్రొటీను ఎలాస్టేజ్‌ను పట్టుకోలేదు. కళ్లెం తెగేది అక్కడ.

మాంసం కొట్టులో తెల్లటి మచ్చలున్న కాలేయం చూపి “ఇది కూడా కావాలా అమ్మా?” అని అడిగారు. తీసుకోలేదు. ఆ మచ్చలు బాక్టీరియావో పరాన్నజీవులవో కంటితో చెప్పలేం. తెలియని జబ్బును పిల్లల బల్ల మీదికి తేకూడదు.

ఖర్చు: పెరాక్సైడ్ రెండు సీసాలు 80, కాలేయం పావు కిలో 200.
ఇప్పటివరకు: రూ. 1,800, 28 గంటలు.

దశ 6: గడ్డకు గోడ (ఫిబ్రవరి 22 నుంచి 26)

మా చిన్నన్నయ్య విజయవాడలో సర్జన్. ఆదివారం వచ్చి ట్రే చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“దారి ఒక్కటే పెట్టావేమిటమ్మా? మా దగ్గరికి వచ్చేవాటిలో పైత్యరస నాళం వైపు నుంచి వచ్చినవి ఎక్కువ. రాయి అడ్డుపడి, నాళంలో చీము పట్టి, పైకి పాకినవి.”

“నిర్వాహక సిర తప్పా?”

“తప్పు కాదు. అపెండిక్స్ పగిలినప్పుడు అదే దారి. రెండూ చూపించు. ఇంకొకటి, నీ గుంటకు గోడ ఏది? గోడ లేకపోతే అది చీముగడ్డ కాదు, ఉత్త గుంట.”

నిజమే. శరీరం నష్టాన్ని అక్కడికి కట్టడి చేయడానికి చుట్టూ ఫైబ్రిన్, తరువాత కొల్లాజెన్‌తో గోడ కడుతుంది. నేను జెలటిన్ గోడ గురించి ఆలోచిస్తుంటే, “మేడమ్, బొప్పాయికి కరగనిది మన దగ్గర ఉంది కదా” అని ఒక అమ్మాయి మొదటి పోత గుర్తుచేసింది. రాత్రంతా ఉంచినా 12 మి.మీ. దగ్గరే ఉండిపోయిన చైనా గ్రాస్. 5 మి.మీ. మందాన దానితో వలయం పోసి లోపల జెలటిన్ నింపాం. బొప్పాయి రసం లోపలిదంతా కరిగించి గోడ దగ్గర ఆగిపోయింది.

గోడ బయట యాంటీబయాటిక్ బదులు నీలం రంగు పోశాం. లోపలికి చేరడానికి గంటా 40 నిమిషాలు పట్టింది, అదీ లేత నీలంగా. సిరంజి గుచ్చి లాగితే 20 సెకన్లలో 11 మి.లీ. ద్రవం బయటికి వచ్చింది. అన్నయ్య ఇది చూసి, పెద్ద గడ్డకు మందు ఒక్కటే ఎందుకు చాలదో, స్కానింగ్‌లో చూస్తూ సూది ఎందుకు వేస్తామో రోగి బంధువులకు చెప్పడానికి ఈ ట్రే అరువిమ్మన్నాడు. సూది వేసినా యాంటీబయాటిక్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలనీ, చలిజ్వరంతో పాటు కుడి పక్కటెముకల కింద నొప్పి, కొందరిలో కుడి భుజంలో నొప్పి ఉంటే తాత్సారం చేయవద్దనీ అట్ట మీద రాయించాడు. అమీబా వల్ల వచ్చే గడ్డ వేరు, దాని మందూ వేరు అన్న వాక్యం కూడా ఆయనదే.

ఖర్చు: జెలటిన్ 130, చైనా గ్రాస్ 50, ఐసు ప్యాకులు 120, సిరంజి 20, గుడ్లు 30.
ఇప్పటివరకు: రూ. 2,150, 37 గంటలు. ఇందులో పారబోసింది సుమారు 500 రూపాయల సరుకు.

ప్రదర్శన రోజు (ఫిబ్రవరి 28)

ఉదయం 10:30 విడత: నీళ్ల గుంట 12, బొప్పాయి గుంట 19. మధ్యాహ్నం 12 విడత: 12, 18. రేకుల షెడ్డు కింద రెండు గంటలకు 33 డిగ్రీలు. ఐసు ప్యాకు 50 నిమిషాలకొకసారి మార్చాలని నేనే కాగితం అంటించాను, భోజనానికి వెళ్లి నేనే మరిచిపోయాను. మూడో విడతలో రెండు గుంటలూ ఏకమై కిటికీ మొత్తం పులుసైంది. ముందు నిలబడ్డ ఎనిమిదో తరగతి కుర్రవాడికి అది కూడా ఇన్‌ఫ్లమేషనే అనిపించింది. కాదని, నీళ్ల గుంట చూపించి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

అదే కుర్రవాడు ఖాళీ అయిన గుంటను చూపించి, “ఇది మళ్లీ నిండుతుందా?” అని అడిగాడు. కాలేయంలో అయితే మిగిలిన కణాలు విభజన చెంది చాలావరకు పూడుస్తాయి. మా ట్రేలో 40 మి.లీ. నీళ్లకు 4 గ్రాముల జెలటిన్, ఫ్రిజ్‌లో మూడు గంటలు.

పంపు రెక్కల్లో సబ్జా ఇరుక్కుంది, ఇంకా విప్పాలి.